ఫిలిమోనోవో గుర్రానికి మెడ ఎందుకు సాగింది

మాస్కోకు దక్షిణాన, తూలా ప్రాంతంలో, ఒదోయెవ్ పట్టణానికి దగ్గరగా ఫిలిమోనోవో అనే పల్లె ఉంది. అక్కడి మట్టిబొమ్మల్లో ఆవైనా, గుర్రమైనా, చివరికి ఎలుగుబంటి అయినా మెడ జిరాఫీ మెడలా సాగి ఉంటుంది. దాని మీద చిన్న తల. మొదటిసారి చూసినవాళ్లు అది బొమ్మలు చేసేవారి ఊహాశక్తి అనుకుంటారు. నిజానికి ఆ మెడను సాగదీసింది ఆ ఊరి మట్టి.

దాన్ని అక్కడివాళ్లు ‘సీనికా’ అంటారు. రష్యన్‌లో ‘సీనియ్’ అంటే నీలం. తవ్వినప్పుడు నలుపూ నీలమూ కలిసిన రంగులో, వెన్నలా జిడ్డుగా ఉంటుంది. ఇలాంటి మట్టి ఎంత తేలిగ్గా చేతికి లొంగుతుందో, ఆరేటప్పుడు అంతగా బిగుసుకుంటుంది. బంకమట్టి రేణువులు కంటికి ఆనని పలుచని పలకలు. వాటి నడుమ నీటిపొర ఉన్నంతసేపు ఒకదానిపై ఒకటి జారుతాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ పలకలు దగ్గరికి జరిగి ముద్ద కుదించుకుంటుంది. పైభాగం ముందే ఆరి, లోపల ఇంకా తడి మిగిలి ఉంటే, ఆ బిగుతుకు పైపొర పగులుతుంది. ఎండిన చెరువు నెర్రెలు తీసేది కూడా ఇలాగే.

ఫిలిమోనోవోలో ఈ నెర్రెలు బొమ్మ చేతిలో ఉండగానే మొదలవుతాయి. చేసే మనిషి వేలు తడిపి నెర్రె మీద రాసి, పైకి నిమురుతుంది. కాసేపటికి ఇంకోచోట సన్నని గీత కనిపిస్తుంది. మళ్లీ తడి వేలు, మళ్లీ నిమరడం. నిమిరిన ప్రతిసారీ నడుము కాస్త సన్నబడుతుంది, మెడ కాస్త పైకి సాగుతుంది. పగుళ్లన్నీ పూడేసరికి కురచగా మొదలైన గుర్రం నిలువెత్తుగా నిలబడుతుంది. తరతరాలుగా అలాంటి గుర్రాలనే చూసిన కళ్లకు ఆ పొడవే అందమైంది. నాకు ఈ బొమ్మలంటే ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే: పగుళ్లు పూడ్చే పనిలోంచి ఒక ఊరు తనదైన అందాన్ని తీసుకుంది.

ఆవంలో దాదాపు 950 డిగ్రీల వేడికి ఈ నల్లని మట్టి తెల్లబడుతుంది. మట్టికి ముదురు రంగునిచ్చే సేంద్రియ పదార్థం మంటలో కాలిపోతుంది. ఎర్రదనం తెచ్చే ఇనుము తక్కువగా ఉన్న మట్టి అప్పుడు తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపు మీద కోడి ఈకతో గీతలు గీస్తారు. గుడ్డుసొనలో కలిపిన రంగులు, ముఖ్యంగా ముదురు గులాబీ, పసుపు, ఆకుపచ్చ. మెడ పొడవునా అడ్డచారలు. వేరే పూత ఏదీ అక్కర్లేదు, కాలిన మట్టే నేపథ్యం.

ఈశాన్యంగా చాలా దూరంలో, వ్యాత్కా నది ఒడ్డున డిమ్కోవో ఉంది. నదికి అవతలి ఒడ్డున ఉన్న వ్యాత్కా నగరం పేరును 1934లో కీరోవ్‌గా మార్చారు. ఇక్కడి మట్టి ఎర్రనిది. దానిలో సన్నని నది ఇసుక కలుపుతారు. ఇసుక నీటిని పీల్చి ఉబ్బదు, ఆరితే కుదించుకోదు. అందువల్ల మొత్తం ముద్ద బిగుతు తగ్గి, పగుళ్ల బెడద తగ్గుతుంది. పగుళ్లు తగ్గితే నిమిరే పని తగ్గుతుంది. డిమ్కోవో బొమ్మలు పొట్టిగా, గుండ్రంగా, నిండుగా ఉంటాయి. ఇక్కడ బొమ్మను భాగాలుగా చేసి, పలచని మట్టి నీళ్లతో అతికిస్తారు.

డిమ్కోవోలో పేరుపడ్డ బొమ్మ గంట ఆకారపు పరికిణీ కట్టిన స్త్రీ. మట్టిని రొట్టెలా తట్టి, శంకువులా చుట్టి, దాని మీద నడుము, తల, చేతులు పెడతారు. పందొమ్మిదో శతాబ్దపు పట్టణ స్త్రీల దుస్తుల ప్రభావం ఇందులో ఉంది. కానీ మట్టికి కూడా ఇదే అనువు. గట్టి ముద్దలో తడి మిగిలిపోతే, వేడికి అది ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. గుల్లగా ఉన్న పరికిణీ లోపలా బయటా సమానంగా ఆరుతుంది, బొమ్మ దాని మీదే స్థిరంగా నిలుస్తుంది, కాళ్లతో పనే లేదు. తర్వాత మంటలో 500 డిగ్రీలు దాటాక, ఖనిజంలోనే కట్టుబడి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎంత నానబెట్టినా అది మళ్లీ బంకమట్టి కాదు.

ఇక్కడి ఎర్రమట్టి మీద రంగులు వెలగవు. అందుకని మీగడ తీసిన పాలలో సుద్దపొడి కలిపి బొమ్మకు పట్టించేవారు. పాలు పులిసినప్పుడు విడివడే కేసీన్ అనే మాంసకృత్తు సుద్ద రేణువులను బొమ్మకు అంటిపెట్టుకునేలా చేస్తుంది. కేసీన్ జిగురు ఎంత గట్టిదో పాత వడ్రంగులకు బాగా తెలుసు. ఆ మంచులాంటి తెలుపు మీద గుడ్డులో కలిపిన రంగులతో చుక్కలు, వలయాలు, గళ్లు. చివరగా సన్నని బంగారు రేకు ముక్కలను పచ్చి గుడ్డు సొనతో అంటిస్తారు.

ఈ బొమ్మలకు ఒక పండుగ ఉండేది. వసంతంలో వ్యాత్కా జనం మట్టి ఈలలు ఊదుతూ తిరిగేవారు. చీకట్లో సొంతవాళ్లనే శత్రువులనుకుని చంపుకున్న పాత యుద్ధంలో పోయినవారి జ్ఞాపకంగా ఇది మొదలైందని స్థానిక కథ. కాలక్రమంలో అది బొమ్మల సంతగా మారింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ సంతలోకి జిప్సం బొమ్మలు వచ్చాయి. కాల్చిన జిప్సం పొడి, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నీళ్లు కలిపాక గట్టిపడేటప్పుడు సూదుల్లాంటి స్ఫటికాలుగా మారుతూ కాస్త ఉబ్బుతుంది, అచ్చు మూలమూలకూ చేరుతుంది. ఆరబెట్టే నేర్పు అక్కర్లేదు, పగులుతుందన్న భయం లేదు. ఒక అచ్చు నుంచి వందల బొమ్మలు, అన్నీ ఒకేలా, చవకగా. చేత్తో చేసే బొమ్మ ఆ పోటీకి నిలవలేకపోయింది. అన్నా మెజ్రినా (1853–1938) మాత్రం పాత పద్ధతిని వదల్లేదు. స్థానిక చిత్రకారుడు అలెక్సేయ్ డెన్షిన్ ఆ పని విలువ గుర్తించి, 1917లో వ్యాత్కా మట్టిబొమ్మల చిత్రాలతో పుస్తకం తెచ్చాడు. 1933లో బొమ్మలు చేసే స్త్రీల సహకార సంఘం ఏర్పడింది. మెజ్రినా కూతురు ఓల్గా కొనొవాలొవా తల్లి విద్యను ముందుకు నడిపింది. ఈ రోజుకీ డిమ్కోవోలో అచ్చు వాడరు. ఉత్తరాన కర్గొపోల్ ప్రాంతంలో పాత పద్ధతిని నిలబెట్టే ఇదే పని ఉల్యానా బాబ్కినా (1889–1977) చేసింది. సగం మనిషి, సగం గుర్రం అయిన ‘పొల్కాన్’ ఆమె చేతిలో బతికింది.

మళ్లీ ఫిలిమోనోవోకు వస్తాను, ఎందుకంటే అక్కడి బొమ్మ దాదాపు ప్రతిదీ ఈలే. తోక దగ్గర పుల్లతో సన్నని చీలిక చేస్తారు. ఊదిన గాలి రంధ్రం అంచుకు తగిలి అటూ ఇటూ ఊగుతుంది, బొమ్మ పొట్టలోని గాలి దానితో కలిసి కంపిస్తుంది. పిల్లనగ్రోవిలో శ్రుతిని నిర్ణయించేది గొట్టం పొడవు. ఇక్కడ నిర్ణయించేది పొట్ట ఘనపరిమాణం, రంధ్రాల వైశాల్యం. పొట్ట చిన్నదైతే శ్రుతి పెరుగుతుంది. ఒంటి మీద ఇంకో రెండు రంధ్రాలుంటే, వేళ్లతో మూసి తెరుస్తూ చిన్న రాగం పలికించవచ్చు.

ఈల చేసే మనిషి పచ్చి ముద్దగా ఉన్నప్పుడే ఊది చూడాలి, కాలాక దిద్దడానికి వీలుండదు. మరి మట్టి ఇంకా కుదించుకుంటుంది కదా. కొలతలన్నీ పది శాతం తగ్గితే శ్రుతి పదకొండు శాతం దాకా పెరుగుతుంది. తడి గుర్రం షడ్జమంలో (స) పలికితే, ఆవంలోంచి తెల్లగా బయటికొచ్చిన గుర్రం దాదాపు చతుశ్రుతి రిషభంలో (రి) పలుకుతుంది.