గుర్రానికి హెర్నియా: ఆపరేషన్ తర్వాతే అసలు పని

విజయవాడ, గుంటూరుల్లో ఇప్పుడు గుర్రం ఎక్కువగా కనిపించేది పెళ్లి ఊరేగింపుల్లోనే. జరీ అలంకరణ మీదే అందరి చూపూ ఉంటుంది గానీ, దాని పొట్ట కిందికి వంగి చూసేవాళ్లు తక్కువ. అక్కడ మెత్తటి ఉబ్బు ఉంటే అది హెర్నియా కావచ్చు. పొట్ట గోడలో సందు ఏర్పడి, అందులోంచి కొవ్వో పేగో చర్మం కిందికి జారుతుంది.

గుర్రప్పిల్లల్లో ఇది ఎక్కువగా బొడ్డు దగ్గర వస్తుంది. పిల్లని కదలకుండా పట్టుకుని ఉబ్బుని వేళ్లతో నెమ్మదిగా పైకి నొక్కితే లోపలికి జారిపోయి, గట్టి అంచున్న రంధ్రం తగులుతుంది. అందులో రెండు వేళ్లకు మించి పట్టకపోతే, రోజూ అలా లోపలికి నెడుతూ కనిపెట్టుకుని ఉండమంటారు డాక్టర్లు. చాలా పిల్లల్లో ఏడాదిలోపు అదే పూడుకుపోతుంది. పెద్దదైనా, రోజురోజుకీ పెరుగుతున్నా ఆపరేషనే. ఉబ్బు గట్టిపడి, వేడెక్కి, ముట్టుకుంటే పిల్ల తన్నుతోందంటే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇరుక్కున్న పేగుకు రక్తం అందక కుళ్లిపోతుంది.

పెద్ద మగ గుర్రానికి గజ్జల్లో హఠాత్తుగా వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఒక పక్క వృషణం వాస్తుంది, గుర్రం చెమటలు కారుస్తూ దొర్లుతుంది. మామూలు కడుపునొప్పిలే అని నాటు మందులు పట్టిస్తూ కూర్చోవద్దు. ఆపరేషన్‌లో చాలాసార్లు ఆ వైపు వృషణం తీసేయాల్సి వస్తుంది.

ఉబ్బుకి ఇంట్లోనే దారం బిగించడం, వాతలు పెట్టడం దయచేసి మానండి. ఆ దారంలో పేగు చిక్కుకోవచ్చు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. గుర్రాల సర్జరీ చేస్తారో లేదో ముందే ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది, అందుకే ఆ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని తప్పక అడగాలి. మత్తు దిగేటప్పుడూ టెన్షనే. వందల కిలోల ఒళ్లు తూలుతూ లేవబోయి కాలు విరగ్గొట్టుకోవచ్చు. అందుకే మెత్తలు పరిచిన గదిలో ఉంచుతారు.

కుట్లు పడగానే పని అయిపోయిందనుకుంటే ఎంత బాగా చేసిన ఆపరేషనైనా వృథానే. పొట్ట గోడ పేగుల బరువంతా మోయాలి, దానికి మునుపటి బలం రావడానికే సుమారు 2 నెలలు పడుతుంది. పొట్ట కోసి చేసిన పెద్ద ఆపరేషనైతే మొదటి నెల పాకలోనే ఉంచి, పగ్గం పట్టుకుని కాసేపు నడిపించాలి. రెండో నెల చిన్న దొడ్డిలో, మూడో నెల కాస్త పెద్ద ఆవరణలో వదలొచ్చు. పని లేనన్నాళ్లు ఉలవలు, శనగలు తగ్గించి, గడ్డి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వేయాలి. ముహూర్తాల రోజుల్లో గుర్రాన్ని ఖాళీగా కట్టేస్తే ఇల్లు గడవడం ఎంత కష్టమో తెలుసు. అయినా నెల తిరక్కుండా వరుణ్ణి ఎక్కించి బాణసంచా మధ్యకి తోలితే ఒక్క ఉలికిపాటుకి కుట్లు తెగొచ్చు.

కుట్ల దగ్గర చీము, జ్వరం కనిపిస్తే వెంటనే చూపించాలి. చీము పట్టిన చోట మళ్లీ హెర్నియా వచ్చే ప్రమాదం ఎక్కువ. అలా వస్తే ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గేదాకా నెలల తరబడి ఆగి, అవసరమైతే సందు మీద వల లాంటి జాలీ (మెష్) వేసి కుడతారు. ఆ తర్వాత విశ్రాంతి మళ్లీ మొదటి నెల నుంచే.