కాజీపేటలో వైరస్ రైలెక్కకముందే

మూడు వారాల కింద మా చెల్లె ఫోన్ చేసింది, "అన్నా, చిన్నోన్ని గల్లీ కుక్క పిక్క మీద పట్టింది, ఎక్కువేం కాలే, రెండు చుక్కల రక్తం వచ్చింది, పసుపు పెట్టిన, సూదులు ఇప్పియ్యాల్నా?" అని. ముందు సబ్బుతోని కడుగు, వెంటనే దవాఖానకు పో అన్న. ఎందుకు అనేది ఫోన్లో చెప్పే టైం లేకుండె, ఇక్కడ చెప్తున్న. వాళ్ళుండేది కాజీపేట, కాబట్టి రైలు లెక్కనే చెప్త.

రేబిస్ వైరస్ తుపాకి గుండు ఆకారంలో ఉంటది, దాని దగ్గర ఉన్నవి ఐదంటే ఐదు జీన్లు, సొంతంగా ఎటూ పోలేదు. కుక్క లాలాజలంతో పాటు కండలో పడతది, పడ్డంక చానా వైరస్‌ల లెక్క రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరగదు, అది వెతుక్కునేది నరం కొసను. అదే దాని స్టేషన్. కండకు నరం ఆనే చోట ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్లు అనే ప్రొటీన్లుంటయి, వాటిని పట్టుకొని నరంలోకి ఎక్కుతది. నరం లోపల మైక్రోట్యూబ్యూల్స్ అని సన్నటి పట్టాలుంటయి, వాటి మీద డైనిన్ అనే మోటార్ ప్రొటీన్ నరం కొస నుంచి కణం మొదలుకు పొద్దుమాపు సామాను మోస్తనే ఉంటది, వైరస్ పోయి ఆ బండికి తగులుకుంటది. పట్టాలు మనవే, ఇంజన్ మనదే, ఖర్చయ్యే ఏటీపీ, అంటే కణంలో ఉండే ఇంధనం, అది కూడా మనదే! స్పీడు రోజుకు ఒకటి రెండు సెంటీమీటర్ల నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉంటదని అంచనా. అంటే గూడ్స్ బండి.

అసలు కష్టం ఏందంటే నరంలోకి ఎక్కినంక మన ఒంటి పోలీసులు, అంటే యాంటీబాడీలు, వాటికి అది దొరకదు, సొరంగంలోకి పోయిన రైలే. ప్లాట్‌ఫాం మీద ఉన్నప్పుడే పట్టుకోవాలె. మన అదృష్టం, అది చానాసార్లు కండలోనే ఆగి ఉంటది, అందుకే లక్షణాలు మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలకు బయటపడతయి, కొందరికి వారంలోపే. ముఖం మీద, మెడ మీద కరిస్తే మెదడుకు దారి పొట్టి, అందుకే పిల్లలకు ప్రమాదం ఎక్కువ, వాళ్ళ ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటది కదా. మెదడుకు చేరి లక్షణాలు మొదలైతే దాదాపు ఎవ్వరూ బతకరు.

ఇగ సబ్బు. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటది, సబ్బు ఆ పొరను విప్పేస్తది, వైరస్ అక్కడికక్కడే పనికిరాకుండ పోతది. నల్లా కింద 15 నిమిషాలు, టైం చూసుకొని కడగాలె. కారం పెడతరు, సున్నం పెడతరు, పసరు పోస్తరు, మంత్రం వేయిస్తరు, పొద్దున కరిస్తే వీటన్నిట్లో సాయంత్రమైతది, బండి కదిలేది ఆ టైంలనే. మా ఇంటర్ పిల్లలను అడిగితే ఇప్పటికీ "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు సార్" అంటరు, ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి 20 ఏండ్లయింది, పుస్తకంలో ఒక్క లైన్ రాస్తే ఎంత మంది భయం పోవు!

ఇప్పుడు అర్బన్ హెల్త్ సెంటర్లో ఇచ్చేది చర్మంలోకి. రెండు చేతులకు 0.1 మి.లీ. చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో, నాలుగు సార్లకు కలిపి 0.8 మి.లీ. మాత్రమే. చర్మంలో డెండ్రిటిక్ కణాలు దండిగా ఉంటయి, అవి టీకా ముక్కలను లింఫ్ గ్రంథికి మోసుకపోయి అక్కడి రక్షణ కణాలకు చూపిస్తయి, కొంచెం మందుతోనే పని జరుగుతది. కానీ మన సొంత పోలీసులు తయారై ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి వారం నుంచి రెండు వారాలు పడతది, అప్పటిదాక కాపలా ఎవరు? అందుకే సీరం, అంటే బయట తయారైన యాంటీబాడీలు, అరువు పోలీసులన్నట్టు. రక్తం రాకుండ గీరుకుంటే టీకా చాలు, రక్తం వచ్చిందంటే సీరం కూడా కావాలె. మా వాడు 22 కిలోలు, గుర్రపు సీరం కిలోకు 40 యూనిట్లు, 880 యూనిట్లు. వరంగల్ ఎంజీఎం దవాఖానలో పుండు చుట్టూ, పుండులోకే ఇచ్చిండ్రు, మస్తు ఏడ్చిండట పాపం, కానీ ఇయ్యాల్సింది అక్కడే, వైరస్ ఉన్న ప్లాట్‌ఫాం అదే కదా. మొదటి టీకా అయి ఏడు రోజులు దాటితే సీరం ఇయ్యరు, అప్పటికి మనోళ్ళు డ్యూటీకి ఎక్కుతుంటరు.

పథ్యం ఏం లేదు, అన్నీ తినొచ్చు.

మూడు సూదులయినంక పుండు మానుతది, పిల్లగాడు ఆడుకుంటడు, నాలుగోది మర్చిపోతరు. మొన్న ఆశా అక్క ఇంటికొచ్చి కార్డు చూసి తారీఖు గుర్తుచేసి పోయిందట, నాకు ప్రాణం నిమ్మళమైంది. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క పది రోజుల్లో చచ్చిపోతది, కరిచినంక పది రోజులు అది మంచిగుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పొచ్చు, ఎన్ని సూదులో ఆయనే చెప్తడు. మా చిన్నోన్ని కరిచిన కుక్క ఆ రోజు తర్వాత గల్లీలో ఎవ్వరికీ కనబడలే. 28వ రోజు వచ్చే గురువారం, నేనే తోల్కపోత.