మిద్దెతోట: మొక్కల కన్నా ముందు తెలుసుకోవాల్సిన అపోహలు, వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట వైపు అపార్ట్‌మెంట్ల డాబాల మీద తోటలు వేసి ఇవ్వడం నా పని. పిలిచినవాళ్లు మొదటి రోజే మొక్కల లిస్టు చేతిలో పెడతారు. నేను ముందు స్లాబు డ్రాయింగు అడుగుతాను, తర్వాత వాననీళ్లు ఎటు పోతున్నాయో చూపించమంటాను. తోట నిలిచేదీ లేనిదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అపోహ: "ఐదంతస్తులు మోస్తున్న బిల్డింగుకు నాలుగు కుండీలు ఒక లెక్కా?"

అంతస్తుల బరువు మోసేది పిల్లర్లు. మన కుండీలు కూర్చునేది స్లాబు మీద. బిల్డింగులు ఎంత బరువుకు తట్టుకోవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో, మనుషులు ఎక్కి తిరిగే డాబాకు లెక్కలోకి తీసుకోమన్న బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. ఇప్పుడు మట్టి లెక్క చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తడిమట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. డాబా నిండా అడుగు లోతు మడి కడితే చదరపు మీటరుకు 500 కిలోల దాకా పడుతుంది. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి మట్టితో నింపితే, తడిశాక ఒక్క సగమే 150 కిలోలు దాటుతుంది.

అందుకే పెద్ద తొట్లను బీముల మీదుగా, పిల్లర్లకు దగ్గరగా పెట్టిస్తాను. స్లాబు నడిమధ్య ఆకుకూరల బ్యాగులు, నడకదారి మాత్రమే. గోడ దాటి బయటికి వచ్చిన సజ్జాల మీద ఏదీ పెట్టనివ్వను. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా మాగిన పెంటెరువు ఒక పాలు కలిపితే బరువు చాలా తగ్గుతుంది, వేరుకు గాలీ ఆడుతుంది. పైన బరువు తగ్గించాలన్న ఆలోచన మన నేలకు కొత్త కాదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పాత బిల్డింగై, డ్రాయింగు దొరక్కపోతే స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసేదాకా ఆగాల్సిందే. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

అపోహ: "మొక్కలు పెడితే స్లాబు ఉరుస్తది."

పై అంతస్తువాళ్ల టెన్షన్ అంతా ఇదే, అది న్యాయమైన టెన్షనే. కానీ వంకాయ, టమాట వేర్లు కాంక్రీటును చీల్చవు. ఉరిసేది వాటం సరిగా లేక నీళ్లు నిలిచిన చోట, పిట్టగోడ స్లాబును కలిసే మూలలో, పైపు దిగిన చోట. కుండీ కింద ఎప్పుడూ తడి ఉంటే ఆ లోపం త్వరగా బయటపడుతుంది. పని మొదలుపెట్టే ముందు పైపుల నోళ్లు మూసి, డాబా మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలిపి, కింది ఫ్లాట్ల కప్పులు చూడండి. చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ ముందు, తోట తర్వాత. ఆ పూతను పిట్టగోడ మీదికి కూడా అడుగు ఎత్తు లాగించాలి. ప్రతి తొట్టీ స్టాండు మీదో ఇటుకల మీదో ఉండాలి, కింద చీపురు ఆడాలి.

నిజంగా భయపడాల్సింది పిట్టల రెట్టతో పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొలకలకు. అవి పిట్టగోడను చీలుస్తాయి. వేలెడు ఉన్నప్పుడే వేరుతో పీకేయాలి.

ఇంకో మాట. వానాకాలం ఎండాకులు పైపు నోటికి అడ్డం పడి డాబా మీద 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే, చదరపు మీటరుకు 100 కిలోల బరువు అదనంగా పడినట్టే. పైపు నోటికి జాలీ పెట్టి, ముసురు పట్టిన రోజుల్లో రోజూ చూడాలి.

అపోహ: "ఎండాకాలం ఎన్ని నీళ్లు పోస్తే అంత మంచిది."

మే నెలలో వరంగల్, కరీంనగర్‌లలో 44 డిగ్రీలు దాటుతుంది. స్లాబు సెగకు నల్ల బ్యాగులో వేరు ఉడికిపోతుంది. మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు, ఎండకు మొక్క చేసుకునే సర్దుబాటు. అప్పుడు నీళ్లు పోస్తూ పోతే వేరు కుళ్లుతుంది. మట్టిలో రెండంగుళాలు వేలు పెట్టి, పొడిగా ఉంటేనే పొద్దున్నే పోయండి. పైన వరిగడ్డి పరచండి, ఎండను సగం ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. నెట్టు కర్రలను పిట్టగోడకు గట్టిగా బిగించాలి, గాలిదుమారానికి అది తెరచాపలా లేస్తుంది. ఆ ఎండల్లో టమాట పూత రాలుతుంది, ఎరువు వేసినా ఆగదు. అప్పుడు బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి వేసుకోండి. టమాట నారు వానల చివర పోసుకుంటే చలికాలమంతా కాస్తుంది.

అపోహ: "ఆర్‌వో మెషిన్ వదిలే నీళ్లు మొక్కలకు పనికొస్తాయి."

అందులో మిగిలేది ఉప్పే. కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. వాటితో బండలు కడగండి. ఏసీ నీళ్లు, వాననీళ్లు మాత్రం చక్కగా పోయొచ్చు.

అపోహ: "మూడో అంతస్తు దాటితే కోతులు రావు."

వస్తాయి, గుంపులుగానే వస్తాయి. ప్లాస్టిక్ వల చింపేస్తాయి. జామ, టమాట కావాలంటే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల ఫ్రేముకు ఇనుప జాలీ వేయించే ఖర్చు మొదటి అంచనాలోనే రాసుకోండి. డాబా అందరిది కాబట్టి, ఆ ఫ్రేము లేపే ముందు అసోసియేషన్ ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి.