పని చోట భద్రత: ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ మొదలుకొని కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరి పదిహేడేళ్లు దాటింది. మొదట పీణ్యలో ప్రెస్ షాపులు, తర్వాత జిగణి వైపు రాతి యూనిట్లు, ఇప్పుడు సర్జాపుర రోడ్డు మీద అపార్ట్‌మెంట్ సైట్లు. ఈ మూడు చోట్లా తెలుగు వినపడని రోజు లేదు. హిందూపురం, కదిరి, కళ్యాణదుర్గం నుంచి వచ్చినవాళ్లు, పాలమూరు మేస్త్రీలు, శ్రీకాకుళం సెంట్రింగ్ వాళ్లు. పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడతాను. అప్పుడు పదే పదే వినే మాటలే ఇవి. కొన్ని కూలీలు అన్నవి, కొన్ని ఓనర్లు అన్నవి. మొదటిది ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: ప్రమాదాలన్నీ మనిషి నిర్లక్ష్యం వల్లే

నేను చేరిన కొత్తలో పీణ్యలో ఒక చిన్న యూనిట్‌లో కళ్యాణదుర్గం కుర్రాడికి పవర్ ప్రెస్ (రేకును అచ్చులో పెట్టి నొక్కే మెషిన్) మీద కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ ప్రెస్‌కు రెండు బటన్లుంటాయి. రెండూ నొక్కితేనే పైనున్న ర్యామ్ అనే బరువు దిమ్మ దిగుతుంది. అంటే అది దిగే క్షణంలో రెండు చేతులూ బటన్ల మీదే ఉండాలి, డై (కింద ఉండే అచ్చు) దగ్గర ఉండకూడదు. ఆ కుర్రాడు ఎడమ బటన్ సందులో అగ్గిపుల్ల దూర్చి, అది నొక్కే ఉండేలా చేశాడు. రిపోర్టులో ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాశాం. కింద సంతకం నాది.

నెల తర్వాత అదే లైన్లో పక్క ప్రెస్ దగ్గర ఒక షిఫ్టంతా నిలబడి చూశాను. బటన్లు భుజం ఎత్తులో ఉన్నాయి. గంటకు నాలుగు వందల పీసులు. ప్రతి పీసుకూ రెండు చేతులూ పైకెత్తాలి. మధ్యాహ్నం భోజనం వేళకే భుజాలు లాగేస్తాయి. చెయ్యి నెమ్మదిస్తే ఇన్సెంటివ్ పోతుంది. అగ్గిపుల్ల పెట్టింది ఆ కుర్రాడొక్కడే కాదు, లైన్లో అందరూ పెట్టేవాళ్లే. సూపర్‌వైజర్‌కూ తెలుసు.

తర్వాత బటన్లు నడుము ఎత్తుకు దించాం. ప్రతి స్ట్రోక్‌కూ రెండు బటన్లూ వదిలి మళ్లీ నొక్కితేనే మెషిన్ కదిలేలా సర్క్యూట్ మార్పించాం. బటన్లు డై నుంచి ఎంత దూరంలో ఉండాలో లెక్క కట్టాం. బటన్ వదిలిన చెయ్యి సెకనుకు 1.6 మీటర్ల వేగంతో డై వైపు వెళ్తుందని తీసుకుని, దాన్ని మెషిన్ ఆగడానికి పట్టే టైముతో గుణించాలి. ఆగడానికి అరసెకను పట్టే పాత ప్రెస్ అయితే 80 సెంటీమీటర్లు. ఈ లెక్కలో మనిషి ఎంత జాగ్రత్తపరుడన్నది ఎక్కడా రాదు. రాకూడదు కూడా. ఎనిమిది గంటల్లో మూడు వేల సార్లు ఒకే పని చేసే మనిషి ఒక్కసారైనా పరధ్యానంలో పడతాడు. ఆ ఒక్కసారికి వేళ్లు పోకూడదు.

‘88 శాతం ప్రమాదాలు మనుషుల తప్పువల్లే’ అని ట్రైనింగుల్లో ఇప్పటికీ చెబుతుంటారు. ఆ అంకె 1931లో హైన్‌రిచ్ అనే అమెరికన్ బీమా ఉద్యోగి ఇచ్చింది. ఆయన చూసినవి బీమా క్లెయిములు, ఫ్యాక్టరీల వాళ్లు రాసుకున్న రికార్డులు. నేను సంతకం పెట్టినలాంటి రిపోర్టులు వేలకొద్దీ కలిపితే ఆ అంకె రాక ఇంకేమొస్తుంది?

అపోహ: హెల్మెట్, బూట్లు, గ్లౌజులు ఇస్తే సేఫ్టీ అయిపోయినట్టే

మా పనిలో ఒక వరుస ఉంది. ముందు ప్రమాదకరమైన పనినే తీసేయగలమా చూడాలి. కుదరకపోతే తక్కువ హాని ఉన్న వస్తువు వాడగలమా, మెషిన్‌కు గార్డు పెట్టగలమా, పని పద్ధతి మార్చగలమా చూడాలి. ఇవన్నీ అయ్యాకే ఒంటిమీద తొడిగేవి. చాలాచోట్ల చివరిది మొదట కొంటారు, ఎందుకంటే అది చవక, పైగా ఫొటోలో కనపడుతుంది. ఒక్కోసారి అదే ప్రమాదం తెస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్, లేత్ లాంటి తిరిగే మెషిన్ల దగ్గర గ్లౌజు వేసుకుంటే దాని దారం చుట్టుకుని చెయ్యి మొత్తం లోపలికి లాగేస్తుంది. అక్కడ గ్లౌజు వద్దు, పొడుగు చేతుల వదులు చొక్కా కూడా వద్దు.

అపోహ: సాయంత్రం బెల్లం ముక్క తింటే దుమ్ము కడిగేస్తుంది

ఇది జిగణిలో రోజూ వినేవాణ్ణి. సిమెంటు పనివాళ్లు అరటిపండు అంటారు, పెయింటర్లు పాలు అంటారు. కొన్ని యూనిట్లలో ఓనర్లే బెల్లం పంచుతారు, మంచి మనసుతోనే. కానీ తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ వేరు గొట్టాలు. బెల్లం వల్ల గొంతు గరగర తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. రాయి కోసేటప్పుడు తెల్లగా లేచి, కనుబొమ్మల మీద పేరుకునే పొడి ఉంది చూశారూ, అందులో పెద్ద రేణువులు ముక్కులోనే ఆగుతాయి. మధ్యాహ్నం పూట షెడ్డు రేకు చిల్లులోంచి ఎండ పడితే ఆ వెలుగులో పొగలా ఆడుతూ కనపడేది అంతకన్నా సన్నం. అసలు ప్రమాదం ఆ వెలుగులో కూడా కనపడనంత సన్నటి సిలికా రేణువుతో. అది ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్లి అక్కడ గాయం చేస్తుంది. గాయం మచ్చకడుతుంది, మచ్చ గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. దీనికి నయం చేసే మందు లేదు. చాలామందికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో పట్టి బయటపడుతుంది. పని మానేసి ఊరికి వెళ్లిపోయాక కూడా ముదరొచ్చు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే. అందుకే ఊళ్లో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘రాళ్లు కోసే పని చేశాను, ఇన్నేళ్లు చేశాను’ అని తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే దాన్ని టీబీ అనుకుని ఆ మందులు మింగుతూ నెలలు గడిచిపోతాయి.

మూతికి కట్టుకునే తువాలు ఈ రేణువును ఆపలేదు. ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది, అదీ ముఖానికి అంటిపెట్టుకుని ఉంటేనే. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. అసలు మార్గం నీళ్లు. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము లేవదు, బురదై కారిపోతుంది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం మాత్రం మానేయాలి. రోజంతా కింద పడిన దుమ్మును మళ్లీ ముక్కు ముందుకు తెచ్చుకోవడమే అది. ఈమధ్య వంటగది గట్లకు వేస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా గ్రానైట్‌లో కన్నా చాలా ఎక్కువ. వాటిని కోసే కుర్రాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతినడం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. ఇక్కడ కిచెన్ ఫిట్టింగ్ చేసేవాళ్లు వాటిని ఫ్లాట్ లోపలే, కిటికీలు మూసి, పొడిగా కోస్తున్నారు. ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకు నా మనవి: బయట, నీళ్లతో కోయమని మీరే చెప్పండి.

అపోహ: దీపం ఆరిపోకపోతే లోపల గాలి ఉన్నట్టే

బావిలోకి దిగే ముందు లాంతరు దించి చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. సైట్లలో సంపు దగ్గర కొవ్వొత్తితో అదే చేస్తారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తక్కువుంటే లోపలికి మనిషిని పంపకూడదు. మంట మాత్రం దాదాపు 16 దాకా వెలుగుతూనే ఉంటుంది. మురుగు ఉన్నచోట మీథేన్ ఉంటే ఆ కొవ్వొత్తే పేలుడు తెస్తుంది. ఇక కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి మరీ దారుణం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. ‘వాసన పోయింది, దిగొచ్చు’ అనుకునేది సరిగ్గా అప్పుడే.

మురుగే ఉండాలని కూడా లేదు. కొత్తగా కట్టి కొన్ని వారాలు మూసి ఉంచిన నీళ్ల ట్యాంకులో సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగినా మనిషి పడిపోవచ్చు. తడిసి కుళ్లే చెక్క లోపలి ఆక్సిజన్ తినేస్తుంది. ఒకరు పడిపోగానే తమ్ముడో బావో ఆగలేక దిగుతాడు, అతనూ పడతాడు. గ్యాస్ మీటరు, బ్లోయరు, నడుముకు తాడు, పైన ఒక కాపలా మనిషి. ఈ నాలుగూ లేకపోతే లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ మీద నేను సంతకం పెట్టను. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువలో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుంది

పడిపోదు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్, అది వైరును కాపాడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలాలంటే అంతకుమించి కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు కన్నా తక్కువే చాలు. మనిషిని కాపాడేది కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పి లీకైనా పడిపోయే ఆర్‌సీసీబీ అనే స్విచ్. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ప్లగ్గు లేకుండా రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించడం సైట్లలో ఇంకా చూస్తున్నాను. కనపడిన చోటల్లా నేనే పీకేస్తాను.

అపోహ: బెల్టు వేసుకున్నాక ఎక్కడ హుక్ పెట్టినా ఒకటే

ఎత్తులో పనిచేసేటప్పుడు బెల్టును హుక్‌కు కలిపే తాడు 1.8 మీటర్లు. పడినప్పుడు కుదుపు తగ్గించే అబ్సార్బర్ విప్పుకుంటే ఇంకో 1.2. వీపు రింగు నుంచి పాదాల దాకా 1.5. ఆపైన ఒక మీటరు ఖాళీ. మొత్తం 5.5 మీటర్లు, అదీ హుక్ పెట్టిన చోటు నుంచి కిందికి. మూడు మీటర్ల స్లాబు మీద నిలబడి కాళ్ల దగ్గర హుక్ పెట్టినవాణ్ణి తాడు ఆపేలోపే నేల తగులుతుంది. హుక్ తలకన్నా పైన, గట్టి చోట ఉండాలి. తక్కువ ఎత్తులో బెల్టు కన్నా అంచుకు రెయిలింగ్ మేలు.

అపోహ: మొదట్లో గోలగా ఉండేది, ఇప్పుడు చెవులకు అలవాటైంది

చెవులకు అలవాటు కాదు, వినికిడి తగ్గుతోంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టే. పోయిన వినికిడి తిరిగి రాదు.

అపోహ: కొత్తగా చేరాను, ఈఎస్ఐ నాకు ఇంకా రాదు

ఈఎస్ఐ అంటే కార్మికుల ప్రభుత్వ బీమా. జబ్బు సెలవు డబ్బులకు కొన్ని నెలల చందా కావాలి, నిజమే. పని ప్రమాదానికి అలా లేదు. ఈఎస్ఐ వర్తించే చోట పనిలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో, తిరిగి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదమూ కొన్ని షరతులతో ఇందులోకే వస్తుంది. నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఇక 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ ప్రకారం, ప్రమాదం పొంచి ఉందని కార్మికుడు చెబితే, అది నిజమని తేలితే యజమాని వెంటనే చర్య తీసుకోవాలి.

పెనుకొండ వైపు కుర్రాడొకడు చేరిన రెండో రోజే బైకు మీద వస్తూ నెలమంగల దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాంట్రాక్టర్ ‘వాడింకా మా లెక్కలో లేడు’ అన్నాడు. గేటు రిజిస్టర్లో ముందురోజు పెట్టిన సంతకం దొరికింది కాబట్టి క్లెయిమ్ నిలబడింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండు విషయాలు చెబుతున్నాను. గేటు దగ్గర సంతకం పెట్టకుండా లోపలికి రావద్దు. ఈఎస్ఐ నంబరు వచ్చిన రోజే కాగితం మీద రాసి ఇంట్లో అమ్మకో భార్యకో ఇవ్వండి, ఫోన్లోనే ఉంచుకోవద్దు. దెబ్బ తగిలిన రోజు ఆ ఫోన్ ఎక్కడ పడి ఉంటుందో ఎవరికీ తెలియదు.