షెడ్డులో కారు, దిగిపోయే బ్యాటరీ

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ చాలా ఇళ్లల్లో కారు ఏడాదికి నాలుగైదు సార్లకి మించి గేటు దాటదు. సంక్రాంతికి, ఏదైనా పెళ్లికి, ఆస్పత్రి పనికి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలకి అవసరానికి పనికొస్తుందని కొనిపెట్టిన బండి రేకుల షెడ్డులో కవరు కప్పుకుని పడి ఉంటుంది. పండక్కి వచ్చిన కుర్రాడు తాళం తిప్పితే టకటకమని చప్పుడు, మీటరులో లైట్లు మిణుకుమిణుకు, అంతే. సెల్ఫ్ తీసుకోదు. ఇక పక్కింటి బండి తేవడం, జంపర్ వైర్లు వెతకడం, “ఆయ్, ఎర్ర వైరు అటు కాదండి బాబూ” అని అరుగు మీంచి ఒకరి సలహా. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే నలుగురు కలిసి తోసినా లాభం లేదు.

“ఐదు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, అప్పుడే బ్యాటరీ పోవడమేంటి?” అని షాపువాడిని నిలదీస్తారు. తిరగకపోవడమే దాని రోగం.

తాళం తీసేసినా కారు పూర్తిగా ఆగిపోదు. రిమోట్ నొక్కగానే తలుపు తెరుచుకోవాలంటే ఆ సిగ్నల్ కోసం లోపల ఒక సర్క్యూట్ ఎప్పుడూ మేలుకునే ఉండాలి. గడియారం నడవాలి, అలారం పనిచేయాలి, ఇంజిన్ కంప్యూటర్ తన లెక్కలు మరిచిపోకూడదు. ఇవన్నీ కలిపి మామూలు కార్లలో 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల దాకా లాగుతాయి. 30 అనుకుని లెక్క కట్టండి. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు, నెలకి 21 పైచిలుకు. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నెల తిరిగేసరికి సగానికి పైగా ఖాళీ అన్నమాట. బయట పెట్టించిన జీపీఎస్ ట్రాకరో, డ్యాష్‌కామో ఉంటే నెల కూడా అక్కర్లేదు.

స్టార్ట్ చేయడానికే ఎక్కువ ఖర్చవుతుందని చాలామంది నమ్మకం. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల చొప్పున రెండు సెకన్లు లాగినా మొత్తం 0.1 ఆంపియర్ అవర్ కూడా కాదు. షెడ్డులో మూడు గంటలు ఊరికే నిలబడినందుకు అయ్యే ఖర్చూ దాదాపు అంతే. కాకపోతే అంత కరెంటును ఒక్క ఊపులో ఇవ్వాలి. సగం దిగిన బ్యాటరీకి చేతకానిది అదే. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజిన్ మాత్రం తిరగదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఫ్రాన్స్‌కి చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన సీసం-యాసిడ్ బ్యాటరీ మూలసూత్రం ఇప్పటికీ మారలేదు. ఆరు గదులు ఉంటాయి. ఒక్కో గదిలో కొన్ని సీసం ప్లేట్లు, కొన్ని లెడ్ డయాక్సైడ్ ప్లేట్లు, మధ్యలో పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకునే కొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడి నీళ్లవుతుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. బ్యాటరీ షాపులో మూత తీసి గాజు గొట్టంతో యాసిడ్ పైకి పీల్చి “గ్రావిటీ” చూస్తారే, ఆ గొట్టంలో తేలే బిరడా చెప్పేది ఈ చిక్కదనాన్నే. నిండుగా ఉంటే 1.27 దగ్గర తేలుతుంది, బాగా దిగిపోతే 1.15 కిందకి పోతుంది. మూత తియ్యని బ్యాటరీలకి పైన ఒక చిన్న పచ్చ కన్ను ఉంటుంది కానీ, ఆరు గదుల్లో ఒక్క గది సంగతే అది చెప్పగలదు. దాన్ని మరీ నమ్మకండి.

అసలు చిక్కు ఆ సల్ఫేట్‌తోనే. అప్పుడే ఏర్పడిన సల్ఫేట్ సన్నటి నలుసులుగా ఉంటుంది, చార్జింగ్ పెట్టగానే మళ్లీ కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే చిన్న నలుసులు పోయి పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి. పంచదార నీళ్లలో వేస్తే క్షణంలో కరుగుతుంది, పటికబెల్లం గడ్డ అంత త్వరగా కరగదు. రెండూ ఒకటే పదార్థమైనా సరే. పెద్ద స్ఫటికం కట్టిన చోట ప్లేటు పనికి రాకుండా పోతుంది. 35 ఆంపియర్ అవర్లది 20 అవుతుంది, తర్వాత 12. చార్జర్ పెడితే వోల్టేజీ చకచకా పెరిగి నిండినట్టే కనిపిస్తుంది, రెండుసార్లు సెల్ఫ్ కొట్టగానే చతికిలబడుతుంది. జంపర్ వైర్లతో బండి స్టార్ట్ అయినంత మాత్రాన బ్యాటరీ బతికినట్టు కాదనేది ఇందుకే.

వోల్టేజీ దగ్గర చాలామంది పొరబడేది ఒకటుంది. మల్టీమీటరు పెట్టి 12.0 చూడగానే “12 వోల్టుల బ్యాటరీయే కదా, బాగానే ఉంది” అనేస్తారు. ఒక్కో గది 2.1 వోల్టులిస్తుంది, ఆరింటికి 12.6. బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలిస్తే 12.6, 12.7 ఉంటేనే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 సగం, 12.0 అంటే పావు వంతే మిగిలింది. స్కేలు మొత్తం ఒక్క వోల్టు లోపే కాబట్టి ముల్లు మీటరు ఇక్కడ పనికిరాదు, అంకెలు చూపించే మీటరు కావాలి.

ఆ 2.1 వోల్టుల వెనక ఒక వింత ఉంది. సీసం పరమాణువులో 82 ప్రోటాన్లు. అంత బరువైన కేంద్రకం చుట్టూ అన్నిటికన్నా లోపల తిరిగే ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో దాదాపు 60 శాతం. ఆ వేగాల దగ్గర ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. స్వీడన్‌లోని ఉప్సలాలో పనిచేసే రాజీవ్ ఆహూజా, ఫిన్లండ్‌కి చెందిన పెక్కా ప్యూక్కో మరికొందరితో కలిసి 2011లో ఈ లెక్క కట్టారు. 2.1 వోల్టుల్లో 1.7, 1.8 వోల్టులు సాపేక్షత పుణ్యమేనని తేలింది. ఆవర్తన పట్టికలో సీసానికి సరిగ్గా పైన ఉండే, దానికన్నా తేలికైన తగరంతో ఇలాంటి బ్యాటరీ ఎందుకు కుదరదో కూడా దీంతో అర్థమవుతుంది. ఐన్‌స్టీన్‌కి ఇన్ని చోట్ల రుణపడి ఉన్నాం, రావులపాలెం బ్యాటరీ షాపు కూడా ఆ లిస్టులో ఉందని ఎవరనుకుంటారు!

సరే, మన షెడ్డు దగ్గరికి వద్దాం. ఫోనులో తండ్రీకొడుకుల మధ్య నడిచే మాట ఇది: “నాన్నా, కారు స్టార్ట్ చేస్తున్నారా?” “వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాన్రా, నువ్వేం టెన్షన్ పడకు.” ఇద్దరికీ తృప్తే. లెక్క మాత్రం కుదరదు. వారంలో పోయింది 5 ఆంపియర్ అవర్లు. నిలబెట్టి నడిపితే డైనమో ఇచ్చేది తక్కువ, అందులోంచి ఇంజిన్ తన వాటా తీసుకోగా బ్యాటరీకి 10 ఆంపియర్లు ఎక్కాయనే అనుకుందాం. పది నిమిషాలకి 1.7 ఆంపియర్ అవర్లు. ఏసీ వేసుకుని కూర్చుంటే అదీ లేదు. ప్రతి వారం మూడు పైనే లోటు. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సరులో చేరిన తేమ ఆరదు. పాలకొల్లు నుంచి భీమవరం దాకా వెళ్లి వస్తే అది వేరే సంగతి. బ్యాటరీకీ మంచిది, టైర్లకీ బ్రేకులకీ మంచిది. డ్రైవరు దొరక్కే కదా బండి షెడ్డులో ఉంది.

బ్యాటరీని ఎలా కాపాడుకోవాలో చెప్పే వీడియోల్లో ఎక్కువ భాగం మంచు దేశాలవి. వాళ్ల భయం వేరు: దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి, చలికి గడ్డకట్టి డబ్బా పగిలిపోతుందని. సంక్రాంతి చలికి మనం దుప్పటి కప్పుకుంటాం కానీ బ్యాటరీకి ఆ వాతావరణం హాయి. మన డెల్టాలో దానికి గండం రోహిణీ కార్తె. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే తనంతట తాను దిగిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. లోపలి ప్లేట్ల తుప్పూ అదే దారిలో నడుస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, మూసిన బానెట్ లోపల 40 దాటడం వింతేమీ కాదు. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలితే టెర్మినళ్ల మీద తెల్లగానో, ఆకుపచ్చగానో బూజులాంటి పొడి కూడా పేరుకుంటుంది. కొంచెం వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాస్తే దానికి చాలు.

ఈ మొత్తానికి విరుగుడు మెయింటెనెన్స్ చార్జర్. అరచేతి కన్నా కాస్త పెద్ద డబ్బా, ఒక ఆంపియరు అటూఇటూ ఇస్తుంది. ముందు బ్యాటరీని 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి నింపుతుంది, తర్వాత 13.2 నుంచి 13.6 మధ్యకి దిగి అక్కడే కాపు కాస్తుంది. దీన్ని ఫ్లోట్ అంటారు. ఆ వోల్టేజీ దగ్గర బ్యాటరీలోకి దిగే కరెంటు చాలా స్వల్పం. కారు లాగేదాన్ని, తనంతట తాను దిగిపోయేదాన్ని మాత్రం సరిపుచ్చుతుంది. సల్ఫేట్ గడ్డకట్టే అవకాశమే ఉండదు. గోడ దగ్గర 5 వాట్లు లాగుతుందనుకున్నా నెలకి 3.6 యూనిట్లు.

మెకానిక్ షెడ్డులో ట్రాన్స్‌ఫార్మరు పెట్టిన పాతకాలపు చార్జరుతో దీన్ని కలపకూడదు. అది రాత్రికి రాత్రి నింపడానికి మంచిదే. తనంతట తాను ఆగదు కాబట్టి నెలల తరబడి వదిలేస్తే యాసిడ్‌లోని నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఆవిరైపోతాయి, ప్లేట్లు బయటపడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వకి అంటుకుంటుంది.

ఇందులో కొత్తేమీ లేదు, మన వరండాలో ఇన్వర్టర్ చేస్తున్న పని ఇదే. దాని బ్యాటరీ కరెంటు ఉన్నంతసేపూ ఫ్లోట్ మీదే ఉంటుంది కాబట్టే ఏళ్ల తరబడి వస్తోంది. అలాగని కారు బ్యాటరీని ఊడదీసి ఇన్వర్టరుకి తగిలించకండి. ఇన్వర్టరుకి వాడే ట్యూబులర్ బ్యాటరీ ప్లేట్లు మందం, గంటల తరబడి ఫ్యాన్లు తిప్పడానికి చేసినవి. కారువి పలచటివి, ఒక్క ఊపుకి చేసినవి. నాలుగు పెద్ద పవర్‌కట్లతో వాటి పని సరి.

చార్జర్ కొనేటప్పుడు నేనైతే రెండు అడుగుతాను. మొదటిది, వేడిని బట్టి వోల్టేజీ తగ్గించుకుంటుందా? 25 డిగ్రీల దగ్గర 13.5 సరిపోయే బ్యాటరీకి 40 దగ్గర 13.2 చాలు, ఒక్కో డిగ్రీకి 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గాలి. లేకపోతే ఎండాకాలమంతా అవసరానికి మించి చార్జ్ చేస్తూ పోతుంది. రెండోది, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మొదలవుతుందా, ఎవరైనా బటన్ నొక్కాలా? తుపాను రోజుల్లో ఎన్నిసార్లు పోయి వస్తుందో లెక్కుండదు. ప్రతిసారీ పెద్దాయన షెడ్డులోకి వెళ్లి బటన్ నొక్కుతారనుకోవడం అత్యాశ. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్టవడం) ఉన్న కార్లలో ఏజీఎం బ్యాటరీ, అంటే యాసిడ్‌ని గాజు పీచులో పీల్చి ఉంచే రకం, ఉంటే ఆ మోడ్ ఉన్న చార్జరే కావాలి. లిథియం మోడ్ వీటికి వద్దు. రిపేర్ మోడ్ అని ఒకటుంటుంది, 15 వోల్టులు దాటిస్తుంది. బ్యాటరీ కారుకి కలిపి ఉండగా దాని జోలికి పోకండి, ఎలక్ట్రానిక్స్ దెబ్బతినొచ్చు.

తగిలించే వరస: ముందు ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, తర్వాత నల్లది బ్యాటరీకి దూరంగా బాడీ ఇనుముకి, చివర్న గోడ స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్. ఇలా చేస్తే చిటపటమన్నా ఆ రవ్వ బ్యాటరీ దగ్గర పడదు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు వాడండి. వరి, కొబ్బరి ఉన్న ఊళ్లలో ఎలుకలకి కొదవేముంది, వైరు నేల మీద పరవకుండా మేకుకి వేలాడదీస్తే కొంత నయం. ఉరుములు మెరుపులు మొదలైనా, గోదావరికి వరద హెచ్చరిక వచ్చినా ప్లగ్గు పీకేయడం మంచిది. రెండు మూడు వారాలు చార్జర్ లేకపోతే కొంప మునగదు.

షెడ్డులో ప్లగ్గే లేదంటే పది నంబరు స్పానర్ చాలు. మైనస్ టెర్మినల్ ఊడదీస్తే కారు లాగే కరెంటు సున్నా. గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాలి, కొన్ని కార్లలో అద్దాలు ఆటోమేటిక్‌గా ఎక్కడం మళ్లీ నేర్పాలి. బ్యాటరీ తనంతట తాను దిగడం మాత్రం ఆగదు కాబట్టి రెండు నెలలకోసారి తీసి షాపులో ఒక రాత్రి చార్జింగ్‌కి పెట్టించాలి. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, తలుపులూ కంప్యూటర్లూ నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే ఆ బండీ కదలదు.

ఇప్పటికే దిగిపోయిన బ్యాటరీ అయితే మెయింటెనెన్స్ చార్జర్ దాన్ని అసలు గుర్తించకపోవచ్చు. వోల్టేజీ మరీ తక్కువైతే అక్కడ బ్యాటరీ ఉందని కూడా అనుకోదు. ముందు షాపు చార్జరుతో నింపించి, ఒక రోజు ఊరికే ఉంచి కొలవండి. 12.5 దగ్గర నిలిస్తే చార్జరుకి తగిలించొచ్చు. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగితే ఆరు గదుల్లో ఒకటి పోయినట్టు, ఇక ఏ చార్జరూ చేసేదేమీ లేదు. పాతది షాపులోనే ఇచ్చేస్తే సీసం విలువ కొత్తదాని ధరలో తగ్గిస్తారు. కొబ్బరి కొట్టంలో మూల పడేసి ఉంచితే యాసిడ్ కారి, సీసం మట్టిలోకి దిగుతుంది.