ప్రాక్సీ సర్వర్లలో రెజెక్స్: ఏ వ్యాకరణం, ఎంత సమయం?

ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ ప్రాక్సీ సర్వర్ ద్వారానే ఇంటర్నెట్‌ను చేరుకుంటున్నప్పుడు, ప్రతి అభ్యర్థననూ అది చదివి, అనుమతించాలో, ఆపాలో, ముందే దాచుకున్న ప్రతిని ఇవ్వాలో తేల్చుకోవాలి. వెబ్ చిరునామాలన్నిటినీ జాబితాగా రాయడం అసాధ్యం కాబట్టి, వాటి పోలికను వర్ణించే నమూనాలను నిర్వాహకులు రాస్తారు. అవే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, వాడుకలో రెజెక్స్. 1996లో వచ్చిన స్క్విడ్ మొదలుకొని నేటి ఎన్‌వాయ్ వరకు ప్రధానమైన ప్రాక్సీ సాఫ్ట్‌వేర్లన్నీ రెజెక్స్‌కు చోటిచ్చాయి. అయితే అవి అనుసరించే వ్యాకరణం ఒకటి కాదు.

గణితవేత్త స్టీఫెన్ క్లేనీ 1950లలో నాడీజాలాల గణిత నమూనాలను పరిశీలిస్తూ ఈ సంకేత పద్ధతికి పునాది వేశారు. 1968లో కెన్ థాంప్సన్ దానిని పాఠంలో వెతికే పనికి అన్వయించారు. ఆ తర్వాత యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పరికరాలలో అది తలా ఒక తీరుగా పెరగడంతో, పోసిక్స్ ప్రమాణం బేసిక్, ఎక్స్‌టెండెడ్ అనే రెండు వ్యాకరణాలను నిర్దేశించింది. పెర్ల్ భాష మరెన్నో సౌకర్యాలను చేర్చగా, ఫిలిప్ హేజెల్ 1997లో ఆ శైలిని పీసీఆర్‌ఈ అనే లైబ్రరీగా, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకోగల కోడ్‌గా, అందరికీ అందించారు. స్క్విడ్ ఎక్స్‌టెండెడ్ పోసిక్స్‌ను వాడుతుంది. టైనీప్రాక్సీ, ప్రత్యేకంగా కోరితే తప్ప, బేసిక్‌తోనే సరిపెట్టుకుంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ పీసీఆర్‌ఈ మీద ఆధారపడుతుంది. హెచ్‌ఏప్రాక్సీలోనైతే కంపైల్ చేసేటప్పుడు ఎంచుకున్న లైబ్రరీని బట్టి వ్యాకరణం మారుతుంది కనుక, దాని పేరూ వెర్షనూ తెలిసినంత మాత్రాన సరిపోదు.

ఈ తేడాలు పొరపాటు సందేశం రూపంలో బయటపడితే ఇబ్బంది తక్కువ. చాలాసార్లు అవి నిశ్శబ్దంగా ఉండిపోతాయి. [0-9]+ అన్న నమూనాను ఎక్స్‌టెండెడ్ వ్యాకరణం ఒకటి లేదా అంతకు మించిన అంకెలుగా చదువుతుంది. పోసిక్స్ బేసిక్ వ్యాకరణం అదే నమూనాను ఒక అంకె, దాని పక్కన నిజంగానే ఒక కూడిక గుర్తు అని చదువుతుంది. నియమం తప్పులేకుండా లోడవుతుంది, కానీ ఆపవలసిన దేనినీ ఆపదు. అలాగే 1|12 (1 లేదా 12) అన్న నమూనాను 123 మీద ప్రయోగిస్తే పోసిక్స్ అన్నిటికంటే పొడవైన 12ను పట్టుకుంటుంది, పెర్ల్ శైలి మొదట రాసిన 1తో ఆగిపోతుంది. అవును, కాదు అని తేల్చే నియమాలకు ఈ భేదం పట్టదు గానీ, ప్రివాక్సీ అనే ప్రాక్సీలోని ఫిల్టర్ల మాదిరిగా పేజీలోని పాఠాన్నే మార్చేచోట ఫలితం వేరవుతుంది.

వ్యాకరణం సరిగ్గా ఉన్నా, నమూనా ఏ పాఠంతో తలపడుతుందో కూడా తెలియాలి. తెలుగు పదాలున్న వెబ్ చిరునామాలో మన లిపిలోని ప్రతి యూనికోడ్ సంకేతం మూడు బైట్లుగా, ప్రతి బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు చిహ్నాలుగా, అంటే మొత్తం తొమ్మిది చిహ్నాలుగా ప్రయాణిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ చిరునామాలో సర్వర్ పేరు తర్వాత వచ్చే దారి భాగాన్ని మామూలు అక్షరాలుగా విప్పిన తర్వాతే లొకేషన్ అనే నియమాల నమూనాలతో పోలుస్తుంది. విప్పకుండా పోల్చే చోట తెలుగు లిపిలో రాసిన నమూనా ఎన్నటికీ సరిపోలదు. ఇక గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనలను మధ్యలో విప్పకుండా దాటవేసే ప్రాక్సీకి సర్వర్ పేరు, పోర్టు సంఖ్య తప్ప పేజీ దారి కనిపించదు కాబట్టి, ఆ దారి మీద రాసిన నియమం అక్కడ వ్యర్థం.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది సమయం. పీసీఆర్‌ఈ వంటి ఇంజిన్లు, అంటే నమూనాను పాఠంతో పోల్చే ప్రోగ్రాములు, ఒక దారి విఫలమైతే వెనక్కి వచ్చి మరో దారి ప్రయత్నిస్తాయి. దీనినే బ్యాక్‌ట్రాకింగ్ అంటారు. (0+)+$ అన్న నమూనాకు (ఇందులో $ అంటే పాఠం అక్కడితో ముగియాలి) 30 సున్నాల తర్వాత ఒక 1 ఉన్న పాఠం ఎదురైందనుకుందాం. ఆ 30 సున్నాలను గుంపులుగా విడగొట్టడానికి 53,68,70,912 పద్ధతులున్నాయి, ఏదీ ఫలించదు. పరిమితి ఏదీ విధించకపోతే ఇంజిన్ వాటన్నిటినీ తరచి చూస్తుంది. ఇంకొక్క సున్నా చేరిస్తే ఆ సంఖ్య రెట్టింపవుతుంది. ఒకరి కంప్యూటర్‌లో ఇది ఒకరికే ఆలస్యం. ప్రాక్సీలోనైతే, పైగా ఆ పాఠాన్ని పంపేది బయటివారే అయినప్పుడు, దాని వెనుక ఉన్న వారందరికీ సేవ నిలిచిపోతుంది.

2019 జూలై 2న, ఎన్నో వెబ్‌సైట్లకు ముందు నిలిచి వాటి రాకపోకలను నడిపే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో జరిగింది ఈ కోవకు చెందినదే. దాని ఫైర్‌వాల్‌లో కొత్తగా చేర్చిన ఒక నియమంలో, ఎంత పాఠాన్నైనా మింగగల .* అన్న భాగం ఒకదాని వెంట ఒకటిగా వచ్చి, ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థ సర్వర్ల ప్రాసెసర్లను పూర్తిగా ఆక్రమించింది. సుమారు 27 నిమిషాల పాటు అసంఖ్యాకమైన వెబ్‌సైట్లు, సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని చెప్పే 502 దోషాన్ని చూపాయి. ఆ తర్వాత సంస్థ, సమయానికి హామీ ఇచ్చే ఇంజిన్‌కు మారతామని ప్రకటించింది.

అలాంటి ఇంజిన్లలో ఒకటి 2010లో గూగుల్ విడుదల చేసిన ఆర్‌ఈ2. అది సాధ్యమైన దారులన్నిటినీ ఒకేసారి వెంటబెట్టుకుని పాఠాన్ని ముందుకే చదువుతుంది కాబట్టి, పట్టే సమయం పాఠం పొడవుకు అనుపాతంలోనే పెరుగుతుంది. అందుకు ప్రతిగా, ముందు దొరికిన ముక్కనే మళ్ళీ కోరే బ్యాక్‌రిఫరెన్సులను, చుట్టుపక్కల చూసి నిర్ణయించే షరతులను అది వదులుకుంది. ఎన్‌వాయ్ ఈ ఇంజిన్‌నే వాడుతుంది. అందరి దారిలో నిలబడే సాఫ్ట్‌వేర్‌కు ఇది సరైన ఎంపికే అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే వదులుకున్న సౌకర్యాలు లేకుండానే చిరునామాల నియమాలలో అత్యధిక భాగం రాయవచ్చు. సైటు పేరును బట్టి ఆపడానికైతే రెజెక్స్ అక్కరే లేదు. స్క్విడ్‌లో డొమైన్ పేర్ల జాబితాకు విడిగా ఒక నియమ రకం ఉంది, అది ఆ పేర్లను చెట్టు ఆకారంలో అమర్చుకుని వెతుకుతుంది కనుక జాబితా వేలల్లోకి పెరిగినా వెతుకులాట భారం స్వల్పంగానే ఉంటుంది.