"తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాంలే": ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉంటుంది మా డబ్బింగ్ గది. పగలంతా తమిళ సీరియళ్లకు తెలుగు గొంతులు, సాయంత్రం నుంచి ఆడియో కథలు. తెలుగు సినిమా కోడంబాక్కం వదిలి హైదరాబాద్ వెళ్లిపోయి చాలాకాలమైనా, తెలుగు గొంతుకు ఇక్కడ పని మాత్రం ఇంకా దొరుకుతోంది. ఈ మధ్య వారానికి ఒకరిద్దరైనా ఫోన్ చేస్తున్నారు: "అక్కా, ఇంట్లోనే రికార్డింగ్ మొదలుపెడదామనుకుంటున్నా. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు?" గది ఎలా ఉంది, ఫ్యాన్ చప్పుడు ఎంత, ఎక్కడ కూర్చుని చదువుతావు అని నేను ఎదురు అడిగితే, "అవన్నీ తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అక్కా" అంటారు. ఆ ఒక్క మాటలోనే కింద చెప్పబోయే అపోహలు సగం ఉన్నాయి.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ కొంటేనే మంచి సౌండ్ వస్తుంది.

ఒకే వేవ్ ఫైల్‌ను (ఏమీ కుదించని ఆడియో ఫైల్) ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా, ఉచితంగా దొరికేదాంట్లో తెరిచినా వినిపించేది ఒకటే. ఆడాసిటీ 2000లో వచ్చింది, అప్పుడూ ఉచితమే, ఇప్పుడూ ఉచితమే. కథ చదవడానికి, పాడ్‌కాస్ట్‌కి అది చాలు. యాపిల్ కంప్యూటర్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. రీపర్‌ను 60 రోజులు వాడి చూసి, నచ్చితే 60 డాలర్లు కట్టి సొంత లైసెన్స్ తీసుకోవచ్చు. మరి పెద్ద స్టూడియోల్లో ప్రో టూల్స్ ఎందుకంటారా? సినిమా పని ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకి చేతులు మారుతుంటుంది, అందరి దగ్గరా ఒకటే ఉంటే గొడవ ఉండదు. వడపళనిలో ఒంటిగదిలో కూర్చుని కథలు చదివేవాడికి ఆ అవసరం లేదు.

అపోహ: చప్పుడుదేముంది, నాయిస్ రిడక్షన్ కొడితే పోతుంది.

నెల్లూరు నుంచి వచ్చిన ఒకబ్బాయి మే నెలలో 40 నిమిషాల కథ రికార్డు చేసి తెచ్చాడు. కత్తిరి ఎండలు, పై అంతస్తు గది. ఫ్యాన్ ఆపలేదు, ఆపమనడానికి నాకూ నోరు రాదు. ఇంటి దగ్గరే నాయిస్ రిడక్షన్ ఒకసారి వేశాడట. ఇంకా వినిపిస్తోందని రెండోసారి కూడా వేశాడట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మనిషి బిందెలో తల దూర్చి చదువుతున్నట్టుంది.

ఆ పనిముట్టు చేసేది ఇదీ. ఎవరూ మాట్లాడని చోట కాస్త ముక్క చూపిస్తే, అందులో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత చప్పుడు ఉందో లెక్క కడుతుంది. తర్వాత ఫైల్ పొడుగునా, ఆ ఫ్రీక్వెన్సీల్లో అంతకు మించని శబ్దాన్నంతా తగ్గిస్తుంది. అది ఫ్యానో, గొంతో దానికి తెలియదు. ఫ్యాను హోరు గొంతు ఉండే చోట్లలోనే పరుచుకుని ఉంటుంది కాబట్టి, హోరుతో పాటు మెల్లగా పలికినవన్నీ పోతాయి. ముందు శ, స, హ అరుగుతాయి. తర్వాత మాటల చివర్లు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చును మనం నెమ్మదిగా జారవిడుస్తాం. దీని మీద, శబ్దం ఒక హద్దు కంటే తగ్గగానే మొత్తం మూసేసే నాయిస్ గేట్ కూడా పెడితే "వచ్చాడు" కాస్తా "వచ్చాడ్" అవుతుంది, "ఇల్లు" "ఇల్ల్" అవుతుంది.

వాడికి చెప్పిన ఉపాయం చాలా మామూలుది. ఎనిమిది నిమిషాలు ఫ్యాన్ ఆపి చదువు, ఐదు నిమిషాలు వేసుకుని చెమట తుడుచుకో, మళ్లీ ఆపు. ప్రతిసారీ నోరు తెరిచే ముందు పది సెకన్లు కదలకుండా కూర్చో. ఆ పది సెకన్లలో రికార్డయ్యేది గది నిశ్శబ్దం. దగ్గు, తడబాటు తీసేసిన చోట ఆ ముక్కను అతికించాలి. ఏమీ అతికించకుండా ఖాళీ వదిలితే వినేవాళ్లకి గోతిలో కాలు పడ్డట్టు ఉంటుంది.

ఆషాఢంలో ఇంకో తిప్పలు. ఇక్కడ తమిళుల ఆడి మాసం, వీధి వీధికీ అమ్మవారి గుడి మైకులు. వాటిని తీసేసే సాఫ్ట్‌వేర్ ఇంతవరకు నా కంటపడలేదు. రాత్రి పదకొండు దాటాక చదువుకోవడమే.

అపోహ: గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే స్టూడియో అయిపోతుంది.

బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపాలంటే బరువు కావాలి: మందపాటి గోడ, సందుల్లేని తలుపు. గదిలో ప్రతిధ్వని తగ్గాలంటే మందంగా, మెత్తగా ఉండేది కావాలి. గుడ్ల అట్టకు బరువూ లేదు, మందమూ లేదు. పక్కింటి నీళ్ల మోటారుకు అది అడ్డమే కాదు. ఎవరూ అడగరు గానీ, ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు బట్టల బీరువా. తలుపులు రెండూ తీసి, చీరల దొంతరల ముందు మైకు పెట్టి, బీరువా వైపు తిరిగి చదవండి. వెనక గోడకు ఒక బొంత వేలాడదీయండి. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి, చప్పట్ల వెనక 'టంగ్' మనే మోత లేకపోతే చాలు.

అపోహ: కండెన్సర్ మైకే కొనాలి.

కండెన్సర్ అంటే చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన మైకు. నిశ్శబ్దంగా ఉండే గదికి అది బాగుంటుంది. మన గదుల్లో అది పక్కవీధి ఆటోను కూడా ఇష్టంగా పట్టుకుంటుంది. చప్పుడున్న గదిలో అంత సున్నితం కాని డైనమిక్ మైకును నోటికి దగ్గరగా పెట్టుకోవడం మేలు. ఇంకో సంగతి, స్టూడియో కండెన్సర్లకు చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే అందే కరెంటు, కావాలి. అది మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి వస్తుంది, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి రాదు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మైకు ఒక్కటే కొనుక్కుని, ఇంటికొచ్చి "పనిచేయట్లేదక్కా" అని ఫోన్ చేసినవాళ్లు నాకు చాలామందే ఉన్నారు. ఇంటర్‌ఫేస్ కొనే డబ్బు లేకపోతే యూఎస్‌బీ మైకు తీసుకోండి. మైకు జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి ఉండాలి. ప, ఫ, భ అన్నప్పుడు వచ్చే గాలి పక్కనుంచి పోతుంది. "భయం" అన్న ప్రతిసారీ డప్పు మోగదు.

అపోహ: గట్టిగా రికార్డు చేస్తేనే క్వాలిటీ.

ఇది టేపు రోజుల్లోంచి వచ్చిన అలవాటు. టేపుకు సొంత బుస ఉండేది, అందుకని పెద్దవాళ్లు మీటరు సూదిని ఎరుపు దాకా తోసేవాళ్లు. కాస్త దాటినా టేపు ఓర్చుకునేది. డిజిటల్ ఓర్చుకోదు. సున్నా డెసిబెల్ దగ్గర పైకప్పు ఉంది, దాన్ని తాకిన అలల తలలు నరికినట్టు చదునవుతాయి. రికార్డింగ్ సెట్టింగ్‌ను 24 బిట్‌లో (శబ్దాన్ని ఎంత వివరంగా కొలవాలో చెప్పే అంకె) పెట్టుకుని, గట్టిగా పలికిన మాటలు మైనస్ 12 డెసిబెల్ దరిదాపుల్లో ఉండేలా చూసుకోండి. లెక్క ప్రకారం 24 బిట్‌లో అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 144 డెసిబెల్‌ల తేడా పడుతుంది, కాబట్టి తక్కువలో రికార్డు చేసినా తర్వాత పెంచుకోవచ్చు.

అపోహ: 192 కిలోహెర్ట్జ్ పెడితే ఇంకా స్పష్టం.

మనిషి చెవికి వినిపించేది 20,000 హెర్ట్జ్ దాకా. ఈ 192 లాంటి అంకె శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో. అందులో సగం వరకు ఉన్న ఫ్రీక్వెన్సీలు రికార్డవుతాయి. అందుకే సీడీకి 44.1, వీడియోకి 48. గొంతుకు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానల్) పెడితే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. 192 పెడితే దానికి నాలుగింతలు, వినేవాడికి మాత్రం తేడా తెలియదు.

అపోహ: ఎంపీ3ని వేవ్‌గా మార్చి ఇస్తే సరిపోతుంది.

పిప్పిని వెండిగ్లాసులో పోస్తే చెరకురసం అవుతుందా? ఫైల్ చిన్నది కావాలని ఎంపీ3 శబ్దంలో కొంత తీసేస్తుంది, పోయింది పోయినట్టే. వాట్సాప్ వాయిస్ మెసేజ్ అంతకంటే పిండేస్తుంది. రికార్డు చేసిన ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపండి.

అపోహ: సేవ్ చేశాను, ఇక పంపేయొచ్చు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ప్రాజెక్టు ఫైల్ వేరు, ఎక్కడైనా వినగలిగే ఆడియో ఫైల్ వేరు. కొత్తలో నేను రాత్రంతా కూర్చుని ఎడిట్ చేసిన పనిని హైదరాబాద్‌కి పంపాను. పంపింది ఆడాసిటీ ప్రాజెక్టు ఫైల్ ఒక్కటే. అప్పట్లో ఆడియో అంతా పక్కన ఇంకో ఫోల్డర్‌లో ఉండేది, అది నా దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే ఫోన్‌లో నేను విన్న మాటలు ఇక్కడ రాయను. 2021లో వచ్చిన ఆడాసిటీ 3.0 నుంచి రెండూ ఒకే ఫైల్‌లో ఉంటున్నాయి. అయినా అవతలివాళ్లకి కావలసింది ఎక్స్‌పోర్ట్ చేసిన వేవ్.

అపోహ: ఖాళీలన్నీ తీసేస్తే చదవడం చురుగ్గా ఉంటుంది.

తెర మీద గీత చదునుగా కనిపించిన చోటల్లా ఖాళీ కాదు. "అక్క" అనండి. మధ్యలో నాలుక ఒక్క క్షణం గాలిని పట్టి ఉంచుతుంది, అప్పుడు శబ్దమే ఉండదు. సెకనులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒత్తు ఉండేది ఆ నిశ్శబ్దంలోనే. ఆ నెల్లూరబ్బాయి ఫ్యాన్ ఆపి, బీరువా ముందు కూర్చుని, కథ మొత్తం మళ్లీ శుభ్రంగా చదివాడు. తీరా ఇంటికెళ్లి, సెకనులో పదో వంతు దాటిన ప్రతి నిశ్శబ్దాన్నీ బాగా కుదించేలా ఎఫెక్ట్ పెట్టి ఫైల్ అంతటికీ ఒకేసారి వేశాడు. అక్క "అక" అయింది, అత్త "అత" అయింది, "చెప్పాడు" వింటే "చెపాడు" అంటోంది. అసలు రికార్డింగ్‌ను విడిగా కాపీ చేసి ఉంచుకోమని నేను చెప్పలేదు, వాడూ ఉంచుకోలేదు. ఆ కథలో అక్కాచెల్లెళ్లు ముగ్గురు. వాడు మూడోసారి చదవడానికి కూర్చున్నాడు.